ఇంటర్నెట్ నడిచేది సముద్రం అడుగున

“ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే నడుస్తోంది. సముద్రంలోని కేబుళ్లు పాతకాలపువి. వాటిని సొరచేపలు కొరికేస్తుంటాయి. ఒక్కటి తెగినా ప్రపంచమంతా ఆగిపోతుంది.” ఈ సందేశాన్ని చదువుకున్నవారు కూడా నమ్మి పదిమందికీ పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటా తీసి చూడాలి.

ముందు ఉపగ్రహాల సంగతి. ఖండాల మధ్య సాగే సమాచారంలో 95 శాతానికి పైగా సముద్రగర్భ కేబుళ్లలోనే వెళుతుంది. ఆకాశంలో ఎప్పుడూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం అక్కడికి వెళ్లి కిందికి దిగడానికే పావు సెకను పడుతుంది, జవాబు తిరిగి వచ్చేసరికి అర సెకను. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఈ ఆలస్యాన్ని బాగా తగ్గించాయి. తీగ చేరలేని మారుమూల ప్రాంతాలకు, నడిసముద్రంలోని ఓడలకు అవి నిజంగా వరమే. అయితే వాటి సమాచారం కూడా చివరికి నేల మీది కేంద్రానికి దిగి ఫైబర్‌లోకే, అంటే గాజుపోగుల కేబుల్‌లోకే చేరుతుంది. ఇక సామర్థ్యంలో పోలికే లేదు. అమెరికాలోని వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావోకు 2017లో పూర్తిచేసిన మారియా కేబుల్ ఒక్కదాన్నే సెకనుకు 160 టెరాబిట్లు (ఒక టెరాబిట్ అంటే లక్ష కోట్ల బిట్లు) మోసేలా రూపొందించారు.

పాతకాలపువా? 1858లో అట్లాంటిక్‌లో వేసిన టెలిగ్రాఫ్ తీగ రాగిది, కొద్ది వారాలకే పాడైంది. ఇప్పుడు వెలుగు ప్రయాణించేది వెంట్రుకంత సన్నని గాజుపోగుల్లో. ఆ కాంతి నీరసించకుండా దారి పొడవునా రిపీటర్లు దానికి బలం పోస్తుంటాయి. అట్లాంటిక్ దాటిన తొలి ఫైబర్ కేబుల్ టాట్-8 మొదలైంది 1988లోనే.

సొరచేపలు 1980లలో కొన్ని కేబుళ్లను కొరికిన మాట వాస్తవం. కానీ నేడు అత్యధిక నష్టం చేసేవి చేపల వలలు, ఓడల లంగర్లు.

ఒక్కటి తెగితే ప్రపంచం ఆగదు. ఏటా 150కి పైగా చోట్ల కేబుళ్లు దెబ్బతింటూనే ఉన్నాయి. సమాచారం వేరే దారిన మళ్లడంతో చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. 2006 డిసెంబరులో తైవాన్ దగ్గర భూకంపానికి ఒకేసారి అనేక కేబుళ్లు తెగి తూర్పు, ఆగ్నేయ ఆసియా ఇబ్బంది పడింది, అయినా మిగతా ప్రపంచం నడిచింది.

అసలు ప్రమాదం వేరే దారి లేని చోట ఉంది, మనం బెంగపడాల్సింది దాని గురించే. 2022 జనవరిలో అగ్నిపర్వత విస్ఫోటనంతో పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశం టోంగాకు ఉన్న ఏకైక అంతర్జాతీయ కేబుల్ తెగింది. ఓడ వచ్చి అతికేందుకు అయిదు వారాలు పట్టింది. అంతవరకు ఉపగ్రహాలే దిక్కయ్యాయి, అవి అందించగలిగింది కొద్దిపాటి సేవ మాత్రమే. అక్కడి బయటి దీవులకు వెళ్లే కేబుల్ బాగుపడడానికి ఏడాదికి పైగా పట్టింది.