షట్టర్ ముందు తెలిసే సెలవు

శుక్రవారం వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి చెక్కు అందుకున్న రైతు, తెల్లారి తన మండల కేంద్రంలోని బ్యాంకుకు వస్తాడు. పాస్‌బుక్, ఆధార్ జిరాక్సు పాలిథిన్ కవర్లో భద్రంగానే ఉంటాయి. షట్టర్ మాత్రం దించి ఉంటుంది. ‘ఇయ్యాల రెండో శనివారం కదనే’ అని పక్కన టీ కొట్టాయన చెబితే గానీ సంగతి తెలియదు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవన్న నిబంధన 2015 సెప్టెంబరు నుంచీ ఉంది. ఇన్నేళ్లయినా మన పల్లెల్లో ఆ కబురు షట్టర్ దగ్గరే అందుతోంది.

ఇందులో రైతును తప్పుపట్టడానికేం లేదు. ఆఫీసులకు ప్రభుత్వం ఇచ్చే సెలవుల జాబితా వేరు, చెక్కుల వంటి పత్రాల కోసం 1881లో వచ్చిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద బ్యాంకులకు వర్తించే జాబితా వేరు. మేడారం జాతరకు కలెక్టర్ స్థానిక సెలవు ఇచ్చి బడులు మూతపడ్డాయి కాబట్టి బ్యాంకు కూడా ఉండదనుకుంటే పొరపాటే. అట్లాగని ఉంటుందనీ ధీమా పడలేం. 2024 జాతర ఫిబ్రవరి 21న మొదలై 24న ముగిసింది. ఆ 24 నాలుగో శనివారం, మర్నాడు ఆదివారం. నాలుగు రోజులు బెల్లం, కొబ్బరికాయలు అమ్మిన చిరువ్యాపారి ఆ నగదును కౌంటర్లో కట్టాలంటే సోమవారం దాకా ఆగాల్సిందే. అంత సొమ్ము ఇంట్లో పెట్టుకుని రెండు రాత్రులు టెన్షనే!

ఫోన్ ఉండగా బ్యాంకుతో పనేముందనే వాళ్లున్నారు. కొంతవరకు నిజమే. ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే పద్ధతుల్లో నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి సెలవుల్లోనూ నడుస్తున్నాయి. యూపీఐ సంగతి సరేసరి. కానీ లాకరు తెరవడం, తాకట్టు బంగారం విడిపించుకోవడం ఫోన్లో అయ్యే పనులు కావు. పైగా ఆటో డెబిట్‌లకు వాడే నాచ్ వ్యవస్థ కూడా 2021 ఆగస్టు నుంచి సెలవు రోజుల్లో పనిచేస్తోంది. అంటే ట్రాక్టర్ కిస్తీ ఆదివారం కూడా కట్ కావచ్చు. చేతిలో డబ్బుండీ ఖాతాలో వేసే దారిలేక కిస్తీ బౌన్స్ అయితే, ఆ చార్జీ రైతు నెత్తినే పడుతుంది. తీసుకునే పనికి లేని సెలవు జమ చేసుకునే పనికి మాత్రం ఎందుకని అడిగితే ఆయనకు జవాబు చెప్పేవారెవరు?

పంట రుణం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 7 శాతం వడ్డీలో 3 శాతం రాయితీ దక్కేది గడువులోగా కట్టినవారికే. ఆ తేదీ సద్దుల బతుకమ్మకో సంక్రాంతికో దగ్గర్లో పడితే వారం ముందే కట్టేయడం మేలు. ఏప్రిల్ 1న ఖాతాల ముగింపుకని బ్యాంకులకు సెలవు ఉంటుంది కనుక మార్చి నెలాఖరు పనులూ అంతే.

అయితే క్యాలెండర్ చూసుకునే భారమంతా జనం మీదే వేస్తే ఎట్లా? బ్యాంకులు వచ్చే నెల సెలవులను ముందే తెలుగులో, పెద్ద అక్షరాల్లో పంచాయతీ గోడ మీద అంటించాలి. మహిళా సంఘాల సమావేశాల్లో చదివించాలి. ఊళ్లలో తిరిగే బ్యాంకు మిత్రలకు ఇదేమీ పెద్ద పని కాదు. ఎనుమాముల మార్కెట్ కమిటీ కూడా సరుకు వేలం వేసే జెండా పాటకు ముందు మైకులో బ్యాంకు సెలవులు చెప్పించాలి. శుక్రవారం సరుకు అమ్మిన రైతుకు సొమ్ము చేతికందేది ఏ రోజో అమ్మకం చీటీ అయిన తక్‌పట్టీ మీదే రాసివ్వాలని కమీషన్ ఏజెంట్లయిన అడ్తిదారులను ఆదేశించాలి.