కోయని కత్తి కావాలి మనకి

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఒక చరిత్రాత్మక ఘట్టం జరిగింది, ఏ పేపర్లోనూ రాలేదు కాబట్టి నేనే రాయాల్సొస్తోంది. మియాపూర్‌లో ఒక ఆదివారం పొద్దున పదకొండు మంది తండ్రులు తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెక్కతో మడత చాకులు తయారుచేశారు. పిడి ఒక్కటే చెక్క అనుకునేరు, అలుగు, అంటే కోసే భాగం, అదీ చెక్కే, బిగించే చీలలు కూడా చెక్కే. దాంతో టమాటా తెగదు, కాగితం తెగదు, బాగా మగ్గిన అరటిపండు అయితే తెగొచ్చు, అదీ మనం రెండో చేత్తో కాస్త సాయం పడితే. ఇదేదో దాని లోపం అనుకుంటున్నారేమో, అదే దాని గొప్పతనం, ఈ నగరానికి ఇప్పుడు అర్జెంటుగా కావాల్సిన కత్తి ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నా.

ముందు మన పిల్లల పరిస్థితి చూడండి. మా చిన్నోడికి తొమ్మిదేళ్ళు. యాపిల్‌కి తొక్క ఉంటుందని వాడికి తెలుసు, అది ఎట్లా ఊడుతుందో తెలీదు, ఎందుకంటే వాడి ముందుకొచ్చేసరికే అది డబ్బాలో నాలుగు ముక్కలై ఉంటుంది. మా ఇంట్లో చాకు ఫ్రిజ్ మీద, పాత క్యాలెండర్ల కింద, ఒక డబ్బాలో ఉంటుంది, మా ఆవిడ బంగారం అంతకంటే తేలిగ్గా దొరుకుతుంది. వాడి కత్తెరకి అంచులు గుండ్రం, కాగితం పెడితే నములుతుంది గానీ కత్తిరించదు. మా రోజుల్లో గడ్డం బ్లేడు సగానికి విరిచి దాంతో పెన్సిల్ చెక్కుకునేవాళ్ళం, బొటనవేలి మీద గాటు పడితే చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చెక్కేవాళ్ళం, ఆ గాటు నాకు ఇంకా ఉంది, మా వాడికి చూపిస్తే "డాడీ, అప్పుడు మీకు పేరెంట్స్ లేరా?" అని అడిగాడు.

అందుకని అసోసియేషన్ వాళ్ళు తండ్రీపిల్లల వర్క్‌షాప్ అనగానే నేనే ముందు పేరిచ్చా. సెక్రటరీ గారు ముందురోజు రాత్రి గ్రూపులో సర్క్యులర్ పెట్టారు, ఆయన రిటైర్డ్ ఇంజనీరు, ఏదైనా పాయింట్లుగానే రాస్తారు. పిల్లలు చేసిన కత్తులు ఆవరణలో తెరిచి పట్టుకుని తిరగరాదు. లిఫ్టులో మడిచి ఉంచవలెను. వర్క్‌షాప్‌కి పదునైన వస్తువులేవీ తీసుకురారాదు. కత్తి తయారీకి పదునైన వస్తువు తీసుకురాకూడదన్న నిబంధన చూసి నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది, ఇంత దూరం ఆలోచించే మనిషి మనకి కార్పొరేటర్‌గా ఉంటే ఎంత బాగుండేది.

చట్టపరంగా కూడా సమస్య లేదండి, నేను చూశా. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం అలుగు 9 అంగుళాల కంటే పొడుగున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా అప్పుడే కత్తి ఆయుధాల లెక్కలోకొస్తుంది, వంటింటివీ పొలంపనివీ ఆ లెక్కలోకి రావు. మా వాడి కత్తి అలుగు సరిగ్గా 3 అంగుళాలు, నేను టేపు పెట్టి మరీ కొలిచా. మా అమ్మ కత్తిపీట కూడా కొలుద్దామనుకున్నా గానీ ఆవిడ చూసిన చూపుకి విరమించుకున్నా.

ఇక కిట్టు. ధర పద్నాలుగొందల యాభై. అట్టపెట్టెలో రెండు పక్క చెక్కలు, మధ్యలో పెట్టే వీపు ముక్క ఒకటి, అలుగు ఒకటి, మూడు చీలలు, రెండు రకాల రెగమాలు కాగితం, ఒక రంగుల పుస్తకం. చెక్క బాస్‌వుడ్ అట, ఏడు సముద్రాలు దాటి వచ్చిందట. నాలుగు గంటలు బండి మీద పోతే నిర్మల్‌లో పొనికి చెక్క ఉంది, దూదిలా తేలిగ్గా ఉంటుంది, చింతగింజల లప్పం పూసి దాంతో దోసకాయా సీతాఫలం చేస్తే చీమలు కూడా మోసపోతాయి, అయినా మనం బాస్‌వుడ్డే కొన్నాం. కొనాలి. లోకల్ చెక్కతో చేస్తే మోటార్ స్కిల్స్ పెరుగుతాయని ఏ పెట్టె మీదా రాసిలేదు కదా.

పుస్తకంలో మొదటి పేజీ అంతా స్విస్ చాకు చరిత్ర. నాకు అది కొంత తెలుసు కాబట్టి మా వాడికి వివరించి చెప్పా, వాడు అప్పటికే పక్క టేబుల్ వాళ్ళ చిప్స్ తింటున్నాడు. 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే కత్తుల మేస్త్రీ ఇబాక్ అనే ఊళ్ళో దుకాణం పెట్టాడు. తర్వాత స్విస్ సైన్యానికి పదిహేను వేల చాకులు కావాల్సొచ్చాయి, ఎందుకంటే కొత్త తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవర్, టిన్ను తెరవడానికి ఓపెనర్ రెండూ ఒకే పిడిలో కావాలి. తమాషా ఏంటంటే అన్ని చాకులు చేసే స్తోమత అప్పుడు ఆ దేశంలో ఎవరికీ లేదు, మొదటి సరుకు జర్మనీలో సోలింగెన్ నుంచి తెప్పించుకున్నారు. ఎల్సెనర్ పట్టుబట్టి 1891లో ఆ పని సొంత దేశానికి తెచ్చాడు. 1897లో ఆఫీసర్ల చాకు రిజిస్టర్ చేయించాడు, దానికి సీసా బిరడా తీసే స్క్రూ కూడా పెట్టాడు, ఆఫీసర్ల కష్టాలు ఆఫీసర్లవి. ఆ మొదటి సిపాయి చాకుల పిడి చెక్కదే. స్విస్ వాళ్ళు పిడి దగ్గరే ఆగిపోయారు, మనం అలుగు దాకా వచ్చాం.

ఇక్కడ మా జిల్లా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరుంది. అక్కడ కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు తీసేవాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు దాన్ని వూట్జ్ అని రాసుకున్నారు, పర్షియా నుంచి వ్యాపారులు ఆ ఊరికొచ్చి బేరమాడి మోయించుకెళ్ళేవాళ్ళు, కత్తులు చేయించుకోడానికి. ఆ ఉక్కు గడ్డ మనవళ్ళం మేము. ఇప్పుడు పద్నాలుగొందల యాభై పెట్టి చెక్క కత్తి తెప్పించుకుంటున్నాం అంటే నాగరికత ఎంత ముందుకొచ్చిందో మీరే చూడండి.

సరే, పని మొదలైంది. మొదటి పది నిమిషాలు పిల్లలు చేశారు. పదకొండో నిమిషానికి ఒక్కో తండ్రీ "ఇటియ్యి నాన్నా, ఒక్క నిమిషం, చూపిస్తా" అని కిట్టు తీసుకున్నాడు. ఆ నిమిషం పన్నెండున్నర దాకా సాగింది. ఇది విమర్శ కాదు, నేనూ తీసుకున్నా. రెగమాలు పట్టడంలో ఒక మత్తు ఉంది, తెలియనివాళ్ళకి చెప్తున్నా. ముందు గరుకు కాగితం, తర్వాత నున్నటిది, చెక్క గీత వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి. వేలితో నిమిరితే ఎక్కడో చిన్న గరుకు తగులుతుంది, అది పోగానే ఇంకోటి తగులుతుంది, ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఏ పనికీ ఇట్లా పూర్తయిందన్న తృప్తి రాలేదు నాకు. ఎదురు టేబుల్ ఆయన ఫోన్ టార్చి వేసి అంచు సమంగా వచ్చిందా లేదా అని ఒక కన్ను మూసి చూస్తున్నాడు, ఆయన మొహంలో ప్రశాంతత తిరుపతిలో కూడా చూడలేదు నేను. అప్పుడే వాళ్ళ పాప మెల్లగా నా దగ్గరికొచ్చింది. "అంకుల్, మా డాడీ చేతిలోంచి నా కత్తి ఇప్పించరా?"

నేను బిజీగా ఉన్నానని చెప్పా.

అసలు కిటుకంతా అలుగు దగ్గరుంది. నిజం మడత చాకులో వీపున ఉక్కు స్ప్రింగు ఉంటుంది, తెరిచినా మూసినా అలుగుని అదే నొక్కి పెడుతుంది. చెక్క దానికి స్ప్రింగు ఉండదు, రాపిడి మీదే నడవాలి. అందుకే వీపు ముక్క కంటే అలుగు మందం వెంట్రుకవాసి తక్కువుండాలి, చీల పక్క చెక్కల్లో బిగుతుగా, అలుగు బెజ్జంలో కాస్త వదులుగా ఉండాలి. జిగురు వీపు ముక్కకి మాత్రమే రాయాలి, అలుగు తిరిగే చోట కొవ్వొత్తి మైనం రుద్దాలి, జిగురు పొరపాటున పాకినా పట్టుకోకుండా. ఇదంతా నాకు తర్వాత మా వీధి వడ్రంగి చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, జిగురు ఎంత ఎక్కువ పూస్తే అంత గట్టిగా ఉంటుందని. ఫెవికాల్ డబ్బా వంచి ధారాళంగా పోశా, రెండు క్లిప్పులేసి బిగించా, పక్కల్లోంచి పొంగిన దాన్ని మా వాడి టీషర్టుతో తుడిచా.

సాయంత్రానికి ఆరింది. కత్తి తెరుచుకోలేదు. గోరు పెట్టి లాగినా, గుడ్డ పట్టి లాగినా, దేవుడి పేరు చెప్పి లాగినా రాలేదు. మా వాడు కాసేపు చూసి "డాడీ, ఇది కత్తి బొమ్మ కాదు, కత్తి బొమ్మకి బొమ్మ" అన్నాడు. కానీ సెక్రటరీ గారు దాన్ని చేతిలోకి తీసుకుని రెండువైపులా తిప్పి చూసి, సర్క్యులర్‌లోని అన్ని నిబంధనల్నీ శాశ్వతంగా పాటించే కత్తి ఇదొక్కటేనని మెచ్చుకున్నారు. కత్తి మీద సాము అంటారే, ఆ సాము ఇకమీద ఎవరైనా నిశ్చింతగా చేసుకోవచ్చు.

చేతిపని వల్ల పిల్లలకి బుద్ధి వికసిస్తుందని కనిపెట్టింది మనమే అని కూడా అనుకోకండి. ఫిన్లాండ్ వాళ్ళు 1866లోనే పల్లెటూరి బళ్ళలో మగపిల్లలకి చేతిపని తప్పనిసరి చేశారు, పక్కన స్వీడన్‌లో ఒట్టో సాలమన్ అని ఒకాయన దానికి ఏకంగా టీచర్ల ట్రైనింగ్ పెట్టి ప్రపంచమంతటికీ నేర్పాడు, అక్కడ పిల్లవాడి చేతికి ముందుగా ఇచ్చే పనిముట్టే చాకు. నిజం చాకు, తెగేది. పాపం వాళ్ళకి అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు లేవు. మన దగ్గర 1937లో వార్ధాలో గాంధీజీ చదువుని చేతిపనితోనే నేర్పాలన్నారు, అందరూ తలూపారు. ఆ తలూపిన ఫలితమే మా స్కూల్లో వారానికి ఒక ఎస్‌యూపీడబ్ల్యూ పీరియడ్, అంటే చేతిపనుల పీరియడ్, ఆ పీరియడ్‌లో లెక్కల సారు వచ్చి మిగిలిపోయిన త్రికోణమితి చెప్పేవాడు. మా వాడి టైమ్‌టేబుల్‌లో ఇప్పుడు ఆ పీరియడ్ పేరు చాలా పెద్దగా, ఇన్నోవేషన్ అనో ఏదో ఉంది. సారు మారాడు, త్రికోణమితి మారలేదు.

ఆ తర్వాతి వారం ఊర్నించి మా అమ్మ వచ్చింది. ఎప్పుడొచ్చినా బస్సులో సంచీ అడుగున పాత చీరముక్కలో చుట్టి తన కత్తిపీట తెచ్చుకుంటుంది, మా ఇంటి చాకుల మీద ఆవిడకి నమ్మకం లేదు. షోకేస్‌లో పెట్టిన కత్తిని చూసింది.

"ఏందిరా ఇది?"

"కత్తమ్మా. నేనూ వీడూ కలిసి చేసినం."

"ఏం గోస్తది?"

"ఏం కోయదు."

"తెరుస్తె?"

"తెరుచుకోదు."

కాసేపు ఆగింది. "ఎంతవెట్టి కొన్నవ్?" చెప్పా. ఇంకా ఎక్కువసేపు ఆగింది. "మంచిగున్నది" అని తిరిగి షోకేస్‌లో పెట్టేసింది. మా అమ్మ ఇంతకంటే కఠినంగా నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

సాయంత్రం నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా. వంటింట్లోంచి కరకరమని శబ్దం. తొంగి చూస్తే మా వాడు కింద కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాడు, కుడి కాలు మడిచి పీట మీద వేసి, రెండు చేతుల్తో దోసకాయ పట్టుకుని. "కత్తి కదలదు, కాయే కదలాలె. ఏళ్ళు ఎనకకి పెట్టు. ఊఁ, నూకు" అంటోంది మా అమ్మ, పక్కనే పప్పు ఏరుకుంటూ, వాడి వైపు సరిగ్గా చూడకుండానే. నాకు గుండె ఆగినంత పనైంది, మ్యూట్‌లో లేనని కూడా మర్చిపోయి అరిచా, కాల్‌లో ఉన్న ఎనిమిది మందీ విన్నారు. వాడు మాత్రం వినలేదు. నాలుక కొంచెం బయటపెట్టి, ఊపిరి బిగబట్టి నూకుతున్నాడు, ముక్క తెగి పళ్ళెంలో పడ్డప్పుడల్లా ఒకసారి దాన్ని చూసుకుంటున్నాడు. ముక్కలు ఒకటి చిటికెన వేలంత, ఒకటి ఇటుకంత. ఆ రోజు పప్పులో కొన్ని ఉడకలేదు కూడా.

కాల్ కట్ చేసి వెళ్ళి దగ్గరగా చూస్తే అప్పుడు కనిపించింది. మా ఫ్లాట్‌లో టైల్స్ నున్నగా ఉంటాయి, పీట ఒక మూల లేచి టకటకా ఊగుతుంది, మా అమ్మ ప్రతిసారీ కింద ఏదో అట్టముక్క పెట్టుకుంటుంది. ఈసారి అట్టముక్క లేదు. ఆ మూల కింద మా చెక్క కత్తి ఉంది. మందం సరిగ్గా సరిపోయింది, పీట ఇసుమంత కూడా కదలట్లేదు.

మొన్న అసోసియేషన్ వాళ్ళు ఫీడ్‌బ్యాక్ ఫారం పంపారు. తయారుచేసిన వస్తువుని మీ పిల్లలు వాడుతున్నారా, అవును అయితే ఎక్కడ, అని ఒక ప్రశ్న. రోజూ వాడుతున్నాం, వంటింట్లో, కూరగాయలు తరిగేటప్పుడు, అని రాసి అయిదు స్టార్లు ఇచ్చా.