వేలికింత రేటు

టమాటా ధర రోజుకో తీరుగా ఉంటుంది గానీ, మనిషి వేలికి ఆ బెంగ లేదు. పనిలో గాయపడ్డ కార్మికుల కోసం 1923లో చేసిన పరిహార చట్టం చివర పట్టికే ఉంది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలుకి 14, మధ్యవేలుకి 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఏకలవ్యుడి రోజుల్లో ఈ పట్టిక లేదు. ఉన్నా లాభం లేదు లెండి. "వాడే కోసుకున్నాడు, పైగా మా హాజరు పుస్తకంలో, అదే మస్టర్లో, వాడి పేరే లేదు" అని ద్రోణుడు లాయరుతో రాయించేవాడు.

మస్టర్ అంటే మా మిత్రుడు గుర్తొస్తాడు. ఇనప రేకుల్ని నొక్కి కత్తిరించే ప్రెస్ షాపు ఓనరు. పనిచేసేది 14 మంది, మస్టర్లో ఎప్పుడూ 9 పేర్లే. పదో పేరు రాస్తే కార్మికుల బీమా, ఈఎస్ఐ వచ్చి కూర్చుంటుందని ఆయన భయం. మూడేళ్ల కిందట పవర్ ప్రెస్ కింద ఒక కుర్రాడి చూపుడువేలు మొదలంటా పోయింది. ఆ కుర్రాడు ఆ తొమ్మిదిలో లేడు.

నేను ఊరుకోక లెక్క కట్టాను. వయసు 30. జీతం 18,000 అయినా అప్పట్లో చట్టం లెక్కలోకి తీసుకునేది 15,000 వరకే. అందులో 60 శాతం 9,000. దాన్ని 30 ఏళ్ల వయసుకి చట్టం ఇచ్చిన అంకె 207.98తో హెచ్చవేసి, అందులో 14 శాతం లెక్కిస్తే రెండు లక్షల అరవై రెండు వేలు. "ఏంటి, బంగారపు వేలా?" అన్నాడు మిత్రుడు. ఆయనకు బీపీ ఉంది, పాపం.

చివరికి ఆస్పత్రి బిల్లు, చేతికి పదివేలు, ఒక స్టాంపు పేపరు. కుర్రాడి కుడిచేతికి కట్టు, సంతకం కుదరదు. అదృష్టం, ఎడమచేతి 30 శాతం వేలు క్షేమంగా ఉంది, ముద్ర వేయించారు. పరిహారం వదులుకుంటానని రాసిచ్చిన కాగితం చెల్లదని అదే చట్టం 17వ సెక్షన్ అంటుంది. సెక్షన్ బీరువాలో ఉంది, కాగితం ఆయన జేబులో ఉంది.

తర్వాత కుర్రాణ్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. "చూశావా, రోడ్డున పడెయ్యలేదు" అన్నాడు మిత్రుడు. క్లెయిమ్ వేయడానికి గడువు రెండేళ్లు. అది దాటిన వారానికి గేటుకి మనిషి అక్కర్లేదని తేలింది.

ఈమధ్య ఆ పాత చట్టాన్ని సామాజిక భద్రత కోడ్ అనే ఉమ్మడి చట్టంలో కలిపారు. చట్టాలు అతుక్కున్నాయి, సంతోషం. వ్యవస్థ ఇంకా మెరుగుపడాలంటే నాదో చిన్న సూచన: రేషన్ షాపులో లాగా ప్రతి ప్రెస్ పక్కనా వేళ్ల ధరల బోర్డు పెట్టాలి. ఓటు సిరా వేసేదీ చూపుడువేలే కాబట్టి, ఎన్నికల ఏడాది దానికో రెండు శాతం బోనస్.

అన్నట్టు, ఆ ప్రెస్‌కి, చెయ్యి కింద పడకుండా అడ్డుగా బిగించమని కంపెనీ ఇచ్చిన ఇనప గార్డు ఒకటుంది. బిగిస్తే గంటకు తయారయ్యే పీసులు తగ్గుతాయని విప్పి మెట్ల కింద పెట్టారు. దసరాకు బయటికి తీసి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కొట్టి, మళ్లీ మెట్ల కిందే జాగ్రత్తగా సర్దుతారు.