పరాగ్వే పెంచుకుంటున్న పాముకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఈఈ-9 కాస్కవెల్ అనే కవచపు ఫిరంగి బండి గారి ఆరు చక్రాలకూ నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరు పరాగ్వే అశ్విక దళం షెడ్డులో చల్లగా, కదలకుండా ఉన్నారని తలుస్తాం. గుర్రాల దళంలో మీకేం పని అని అడగం. గుర్రానికైతే ఇంత గడ్డి పడేస్తే సరిపోయేది, తమరికి 390 లీటర్ల డీజిలు పోయాలి. అంత పోస్తే మంచి రోడ్డు మీద 880 కిలోమీటర్లు పోతారని మిమ్మల్ని కన్న బ్రెజిల్ కంపెనీ ఎంజేసా వారు పుస్తకంలో రాసుకున్నారు. బొలీవియా సరిహద్దు వైపు, చాకో పొదల్లో ఉన్న మరిస్కాల్ ఎస్తిగర్రిబియా ఊరు రాజధాని అసున్సియోన్‌కు ఐదొందల కిలోమీటర్ల పైమాటే. అంటే ఒక ట్యాంకు డీజిలుతో వెళ్లగలరు, తిరిగి రాలేరు. దార్లో వాన పడి చాకో బంకమట్టి చక్రాలకు పట్టుకుందా, వెళ్లడం కూడా దేవుడెరుగు. రాష్ట్రపతి భవనమంటారా, అది ఊళ్లోనే ఉంది. ఒక్క డబ్బా డీజిలు చాలు. తమ ఉద్యోగ చరిత్ర మొత్తం ఈ డీజిలు లెక్కలోనే ఇమిడిపోయింది.

పేరు సంగతి చూద్దాం. కాస్కవెల్ అంటే పోర్చుగీసులో తోక గిలక ఆడించే పాము. ఎంజేసాకు పాముల పిచ్చి ఉండేది; మీ అన్నదమ్ములకు ఉరుటు, జరరాకా అని విషసర్పాల పేర్లే పెట్టింది. గిలక పాముకొక మర్యాద ఉంది, కాటు వేసే ముందు చప్పుడు చేస్తుంది. తమరూ ఆ మర్యాద తప్పలేదు. డెట్రాయిట్ 6వి-53 ఇంజను అంటుకుంటే వీధి చివరి ఇంట్లో పసిపిల్లలు లేస్తారు. రెండు స్ట్రోకుల డీజిలు, 5.2 లీటర్లు, 212 గుర్రాల బలం. దళంలో పోయిన గుర్రాలు ఇలా లెక్కకొచ్చాయన్నమాట.

ఆ ఇంజను దగ్గర కాస్త ఆగాలి. దానికి ఊపిరి తనంతట తాను అందదు. బ్లోయరు గాలి లోపలికి తోస్తేనే సిలిండర్లలో పొగ బయటికి పోతుంది. అలాంటి ఇంజనుకు పోయాల్సింది ఎస్‌ఏఈ 40 సింగిల్ గ్రేడ్ ఆయిలు. స్టోరులో ఉన్నదేదో పోద్దామని లారీలకు వాడే 15డబ్ల్యు-40 మల్టీగ్రేడ్ పోస్తే పిస్టన్ రింగులు తొందరగా అరిగిపోతాయి. ఇక స్వాతంత్ర్య దినం పరేడ్ చూడండి, ఏటా మే నడిమధ్యలో వస్తుంది. తమర్ని తెల్లవారుజామునే స్టార్ట్ చేసి, అతిథులు వచ్చేదాకా గంటల తరబడి ఐడిల్‌లో నిలబెడతారు. లోడు లేక సిలిండర్లు వేడెక్కవు. కాలని డీజిలూ, ఆయిలూ కలిసి సైలెన్సరులోంచి నల్లటి జిగురై కారతాయి. ముందు వరుసలో తెల్ల యూనిఫారం వేసుకున్న పెద్దమనిషి దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఆ తర్వాత ఆ యూనిఫారం సంగతి చాకలికి తెలుసు. ఈ ఇంజనుకు ఆయిలు కారడం జబ్బు కాదు, స్వభావం. కారడం ఆగితేనే డిప్‌స్టిక్ తీసి చూడాలి, లోపల ఆయిలు అయిపోయి ఉంటుంది.

తిట్టడానికే రాస్తున్నామనుకోకండి, ఒక విషయంలో దండం పెడతాం. మీ వెనక చక్రాలు నాలుగూ బూమరాంగ్ అమరికలో ఉంటాయి. ఒకే ఇరుసు, దానికి రెండు పక్కలా ఊగే గేర్ల పెట్టె, ఒక్కో పెట్టెకు ముందొకటి వెనకొకటి చక్రాలు. ఒకటి గుంతలో దిగితే రెండోది గట్టు ఎక్కుతుంది, రెండూ నేల వదలవు. ఎంజేసా మొదట మామూలు లారీలను బురదలో నడిపించడానికి కట్టిన ఉపాయమిది. బుర్రున్నవాడి పని. కాకపోతే ఆ పెట్టెల ఆయిల్ సీళ్లు పని చేస్తేనే చెడవు, నిలబెడితే ఎండి పగులుతాయి. మీటరు లోతు వాగు దాటి వచ్చాక ప్లగ్గు విప్పి చూడాలి. లోపలి నూనె పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. అదంతా పారబోసి కొత్తది పోయకపోతే గేర్లు పళ్లు రాలుస్తాయి.

నిలబెట్టడంలోనూ పద్ధతి ఉంది. పదమూడు టన్నుల బరువు నెలల తరబడి ఒకే చోట టైర్ల మీద మోపితే కింది భాగం బల్లపరుపైపోతుంది, మళ్లీ నడిపినప్పుడు బండి గెంతుతూ పోతుంది. దిమ్మల మీదకు ఎత్తాలి, లేదా నెలకోసారైనా పది మీటర్లు కదపాలి. డీజిలు ట్యాంకు సగం ఖాళీగా వదిలితే రాత్రి చెమ్మకు నీళ్లు దిగి, అడుగున నాచు కట్టి ఫిల్టర్లు మూసుకుంటాయి. గురిచూసే అద్దాలకు బూజు పడుతుంది. ఎంజేసా 1993లో దివాళా తీసింది కాబట్టి మీకు పుట్టింటి సారె రాదు. ఇంజను విడిభాగాలు దొరుకుతాయి, అమెరికా ఎం113 కవచ బళ్లలోనూ అదే ఇంజను. టర్రెట్, అంటే ఫిరంగి గొట్టాన్ని మోస్తూ తిరిగే పైభాగం, దాని సామాను అలా కాదు, పక్కనున్న మరో కాస్కవెల్ నుంచి ఊడదీయాలి. పాములు పాముల్ని తింటాయని వినడమే, మీ షెడ్డులో కళ్లారా చూడొచ్చు. 1980లలో దిగుమతైన కాస్కవెల్‌లు 28, ఉరుటులు 12. కాగితం మీద ఆ లెక్క ఇప్పటికీ అంతే!

కోర విషయానికొద్దాం. మొదట బ్రెజిల్ సైన్యానికి చేసిన బళ్లకు పాత అమెరికా వాహనాల 37 మిల్లీమీటర్ల తుపాకులు ఊడబెరికి తగిలించారు. తాత కట్టుడు పళ్లు మనవడు పెట్టుకున్నట్టు! తర్వాతే బెల్జియం కాకరిల్ నమూనా 90 మిల్లీమీటర్ల గొట్టం వచ్చింది. గుళ్లు 44, మనుషులు ముగ్గురే. డ్రైవరు, గురిచూసేవాడు, కమాండరు. గుండు ఎత్తి గొట్టంలో పెట్టేది ఆ కమాండరే. దారి చూడటం, రేడియోలో మాట్లాడటం, శత్రువెక్కడో వెతకడం, గుండు మోయడం అన్నీ ఆయన నెత్తినే. మూల నమూనాలో టర్రెట్ తిప్పేది చేతి చక్రంతో. కదిలే శత్రువును పట్టాలంటే చేతులు పడిపోతాయి. కదలని భవనాన్నైతే తాపీగా గురి చూసుకోవచ్చు.

భవనాలన్నాం కదా, అక్కడికే వద్దాం. 1989 ఫిబ్రవరి 2 రాత్రి దాదాపు ముప్ఫై అయిదేళ్లుగా గద్దె దిగని పరాగ్వే నియంత స్ట్రోస్నర్ మీదికి జనరల్ రోడ్రిగెస్ దళాలు కవచ వాహనాలతో బయల్దేరాయి. రోడ్రిగెస్ ఎవరు? స్ట్రోస్నర్‌కు స్వయానా వియ్యంకుడు. పెళ్లిలో మర్యాదలు తక్కువయ్యాయని అలిగిన వియ్యంకుల్ని చూశాం గానీ ఫిరంగి తెచ్చినవాణ్ణి అక్కడే చూశాం. మళ్లీ 2000 మే 18 రాత్రి తిరుగుబాటు సైనికులు కవచ వాహనాలతో కాంగ్రెస్ భవనం, అంటే అక్కడి పార్లమెంటు, మీద కాల్పులు జరిపారు. కొన్ని గంటల్లోనే తిరుగుబాటు చల్లబడింది.

ఇటు దేశానికి ఉత్తరాన కొన్సెప్సియోన్ అడవుల్లో ఈపీపీ (పరాగ్వే ప్రజా సైన్యం) గెరిల్లాలు 2016 ఆగస్టులో అర్రోయిటో దగ్గర దారిలో పేలుడు పెట్టి ఎనిమిది మంది సైనికుల్ని చంపారు. ఆ దారుల్లో తిరగాల్సింది కుర్ర సైనికులే, తమరు కాదు. తమర్ని పంపినా లాభం లేదనుకోండి. కవచం మందం ముందు భాగంలో 16 మిల్లీమీటర్లు, పక్కల అందులో సగమే. రైఫిల్ తూటా ఆగుతుంది. కింద నుంచి పేలితే ఆపడానికి మీ అడుగు కట్టలేదు.

మీకంటే ముందున్న పెద్దలు కాస్త సిగ్గుపడ్డారు. రాష్ట్రపతి అంగరక్షక దళంలో మిగిలిన మూడు షెర్మన్ ట్యాంకులు 2018లో విశ్రాంతి తీసుకున్నాయి. ప్రపంచంలో కొలువులో ఉన్న చివరి షెర్మన్లవే. నౌకాదళంలో 1907లో కట్టిన కపితాన్ కబ్రాల్ పడవ ఇంకా నది మీద తిరుగుతోంది, సముద్రం లేని దేశంలో. అది పాపం ఎవరి పార్లమెంటునూ కాల్చలేదు.

అసలు ఈ సైన్యం గెలిచిన యుద్ధం ఎలా గెలిచిందో మీకెవరైనా చెప్పారా? 1932 నుంచి 1935 దాకా చాకోలో బొలీవియాతో. చేతిలో స్పెయిన్‌లోని ఒవియేదోలో చేసిన 1927 మౌజర్ రైఫిళ్లు. తూటా పెట్టే గది పేలి కాల్చినవాడి ముఖానికే తగులుతున్నాయని సైనికులు వాటికి ‘మతా పరాగ్వాయో’, అంటే పరాగ్వేవాణ్ణి చంపేది, అని పేరు పెట్టారు. సొంత ఆయుధశాలల్లో పోతపోసిన చేతిబాంబులకు స్థానిక భాష గ్వరానీలో ‘కరుంబె-ఇ’, చిట్టి తాబేలు, అని పేరు. రేడియోలో శత్రువుకు అర్థం కాకూడదని గ్వరానీలోనే మాట్లాడుకున్నారు. ట్యాంకులున్నది బొలీవియా దగ్గర, విక్కర్స్ ఆరు టన్నులవి. 1933 జులైలో నానావా దగ్గర లోపలి వేడికి వాళ్ల మనుషులే సొమ్మసిల్లారు. 1934 డిసెంబరులో పరాగ్వేవాళ్లు ఎడారిలో నడిచి వెళ్లి ఇరెండాగుయే బావులు పట్టుకున్నారు. బొలీవియా అశ్విక దళం నీళ్లు లేక కుప్పకూలింది. కాళ్లూ, నీళ్లూ, తాబేలు బాంబులూ. మీలాంటి వారి పేరు ఆ జాబితాలో ఎదటి పక్షానే ఉంది.

బ్రెజిల్‌లో మీ దాయాదులకు 2022లో కొత్త ఇంజను, కరెంటు టర్రెట్ వేసే పని మొదలైంది. ఆ కబురు విని ఆశ పెట్టుకోకండి. కరెంటుతో తిరిగే టర్రెట్ మీకు పెడతామని ఎవరైనా అంటే అసున్సియోన్‌లో ఎంపీలు ముందు నిద్రపోరు.

జవాబు అక్కర్లేదు. ఈ ఉత్తరం చదివి వినిపించే మెకానిక్కుకు మాత్రం రెండు మాటలు చెప్పండి. పరేడ్‌కు ముందు ఎయిర్‌బాక్స్ డ్రెయిన్ గొట్టాలు ఊది చూడమనండి, మూసుకుంటే ఆయిలు లోపలే నిలుస్తుంది. షెడ్డు తాళం వేసేటప్పుడు గొట్టం ఏ దిక్కుకు తిప్పి ఉందో కూడా ఒకసారి చూసుకోమనండి.

ఇట్లు,
తమ చప్పుడు దూరం నుంచి వింటున్నవారు