సవరణ: ‘ది లంచ్‌బాక్స్’లో కారం, ఖాళీ క్యారేజీ

రితేశ్ బాత్రా దర్శకత్వంలో 2013లో వచ్చిన ‘ది లంచ్‌బాక్స్’ చిత్రం గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, ‘ఇలా’ అనే గృహిణి వంటలో ఎక్కువైన కారాన్ని ఆమెలో రగులుతున్న కోరికకు ప్రతీకగా పేర్కొన్నాను. సినిమా మళ్లీ చూశాక ఆ వ్యాఖ్యను ఉపసంహరించుకుంటున్నాను. భర్తకు ఆమె పంపిన క్యారేజీ పొరపాటున సాజన్ ఫెర్నాండెజ్ అనే అపరిచితుడికి చేరుతుంది. తిన్నందుకు కృతజ్ఞతలు చెబుతూ ఆమె పంపిన చీటీకి అతడిచ్చిన జవాబు, ఆ రోజు ఉప్పు ఎక్కువైందన్న ఒక్క ముక్క; దానికి చిన్నబుచ్చుకున్న ఇలా, పైఅంతస్తు దేశ్‌పాండే ఆంటీ సలహాతో మర్నాడు మిరపకాయలు దట్టించింది. అది మన ఇళ్లలోనూ తెలిసిన కోపమే, దానికి శృంగారం రంగు పులమడం నా తొందరపాటు.

రెండో పొరపాటు ఇంతకన్నా పెద్దది. ఖాళీ క్యారేజీ కనిపించే రెండు సందర్భాలను నేను ఒకటిగా కలిపేశాను. మొదటి రోజు అడుగంటా ఊడ్చుకు తిన్న గిన్నెలు తిరిగొచ్చినప్పుడు, ఆ ఖాళీ ఇలాకు దక్కిన మెప్పు. కలుద్దామనుకున్న హోటల్లో తాను ఎదురుచూసినా సాజన్ కనిపించని రోజు తరువాత, ఆమే ఏమీ వండకుండా గిన్నెలు పంపినప్పుడు, అదే ఖాళీ అభియోగం; తనకు అలా జరగాల్సిందేనని అతడూ ఒప్పుకొంటాడు. అందుచేత ‘ఖాళీ గిన్నె ఒంటరితనానికి గుర్తు’ అన్న నా వాక్యం ఈ రెండింటిలో దేనికీ సరిపోదు.