లగ్జరీ ట్యాక్స్ గారికి బోస్టన్ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ లగ్జరీ ట్యాక్స్ గారికి, మా ఊరి బేస్‌బాల్ టీమ్ రెడ్‌సాక్స్ అభిమాని ఒకడు నమస్కరించి రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి. ఉభయ అని అలవాటుగా రాసేశాను గానీ కుశలంగా ఉన్నది మీరొక్కరే. మా కుశలం 2020 ఫిబ్రవరి నుంచి లాస్ ఏంజెలిస్‌లో ఆడుతోంది.

మీరెవరో తెలియని మనవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. అమెరికా బేస్‌బాల్‌లో ఒక టీమ్ ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి ఒక గీత దాటితే, దాటిన మేరకే పన్ను కట్టాలి. 2020లో ఆ గీత 208 మిలియన్ డాలర్లు. మొదటిసారి దాటితే 20 శాతం, వరసగా రెండో ఏడూ దాటితే 30, మూడో ఏడు కూడా అయితే 50. ఒక్క ఏడాది బుద్ధిగా గీత కింద ఉంటే లెక్క మళ్లీ 20 నుంచి మొదలు. ఇంతే మీ కథ. దాటొద్దని మీరు ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. మరి మీ పేరు చెప్పి మా ఓనర్లు మూకీ బెట్స్‌ని ఎలా పంపించేశారండీ?

మూకీ అంటే ఎవరని అడక్కండి, ఒళ్లు మండుతుంది. 2011లో కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు, మా దగ్గరే పెరిగాడు. 2018లో బ్యాటింగ్ సగటు .346, 32 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), 30 స్టీల్స్ (పిచ్చర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తడం), లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. ఆ ఏడాది జులై 12న మా మైదానం ఫెన్‌వేలో టొరంటోతో ఆట, మూడు బేసుల మీదా మావాళ్లే. ఎదురుగా బంతి వేసే హాప్ అనే ఎడమచేతి పిచ్చర్. వాడు వేస్తూనే ఉన్నాడు, మూకీ బంతిని గీత బయటికి ఫౌల్ మీద ఫౌల్ కొడుతూనే ఉన్నాడు, అవుట్ అవ్వడు, వదలడు, పక్కసీటాయన బీరు తాగడం మానేసి కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. 13వ బంతి 37 అడుగుల గ్రీన్ మాన్‌స్టర్ గోడ మీదుగా అవతలికి పోయింది. గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. మూకీ ఫస్ట్ బేస్ వైపు పరిగెడుతూ అరిచిన అరుపు ఉందే, అది మీ బ్యాలెన్స్ షీట్‌లో ఏ కాలమ్‌లో రాసుకున్నారో చెప్పగలరా?

ఆ సీజన్‌లో టీమ్ 108 ఆటలు గెలిచి, చివర్లో వరల్డ్ సిరీస్ అనే ఫైనల్లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌ని ఓడించి కప్పు తెచ్చింది. ఆ ఏడాది మీ బిల్లు దాదాపు 12 మిలియన్లు. తర్వాతి ఏడు 13 చిల్లర. వరల్డ్ సిరీస్‌కి అది కారుచౌక బేరమని నా బోటి వాడికే అర్థమైంది. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బును కూడా చేతిలో పెట్టుకున్న మా ఓనర్లకి మాత్రం మూడో ఏడాది 50 శాతం అనేసరికి గుండె జారిపోయింది పాపం.

ఇంతకీ బేరం ఎలా కుదిరిందో విన్నారా? మూకీతో పాటు పిచ్చర్ డేవిడ్ ప్రైస్‌ని కూడా లాస్ ఏంజెలిస్‌కి ఇచ్చారు, పైగా ప్రైస్‌కి రావాల్సిన 96 మిలియన్లలో సగం మేమే కడతామని ఒప్పుకున్నారు. అంటే పొదుపు కోసం అవతలివాడికి ఎదురు డబ్బిచ్చి మరీ సాగనంపారన్నమాట. మొదట మినసోటాని కూడా కలుపుకుని మూడు టీమ్‌ల ఒప్పందం అన్నారు. అక్కడి నుంచి రావాల్సిన పిచ్చర్ మెడికల్ రిపోర్టు చూసి మావాళ్లు జంకడంతో ఆరు రోజులు నానింది, ఆ ఆరు రోజులూ మేం బేరం చెడిపోవాలని మొక్కుకున్నాం. చెడలేదు. వచ్చిన ముగ్గురిలో ఒకరి పేరు జీటర్ డౌన్స్, ఆ జీటర్ అనేది మా బద్ధశత్రువు న్యూయార్క్ యాంకీస్ ఒకప్పటి కెప్టెన్ డెరెక్ జీటర్ మీద అభిమానంతో పెట్టిన పేరు! బోస్టన్ వాడికి అంతకంటే అవమానం ఉంటుందా? ఆ కుర్రాడు మాకు ఆడింది 14 ఆటలు. ఇంకొకరు వెర్డుగో, 2023 డిసెంబర్‌లో అతన్ని స్వయంగా యాంకీస్‌కే అప్పగించారు. ముగ్గురిలో ఎక్కువ కాలం నిలబడింది క్యాచర్ కానర్ వాంగ్.

మూకీ ఎలాగూ మాతో కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టడు, ఏడాది ఆగితే ఉన్నది ముగిసి ఊరికే పోతాడు అని అప్పట్లో మాకు నచ్చజెప్పారు. జులైలో, డాడ్జర్స్ తరఫున సీజన్‌లో ఒక్క ఆటైనా ఆడకముందే, అక్కడ 12 ఏళ్లకి 365 మిలియన్లకి సంతకం పెట్టాడు. అక్టోబర్‌లో కప్పు గెలిచిన ఆఖరి ఆటలో హోమ్ రన్ కూడా కొట్టాడు. మేమా? 24 గెలుపులు, 36 ఓటములు, డివిజన్‌లో అట్టడుగు. గీత కింద మాత్రం పద్ధతిగా ఉన్నాం.

హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "దీనికే అంత ఏడుపా బావా, మేం వార్నర్‌ని పోగొట్టుకోలేదా" అన్నాడు. నిజమే, 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్‌ని 2021లో సీజన్ మధ్యలో దింపేసి తర్వాత వదిలేశారు, ఆ మంట నాకూ ఉంది. కానీ ఐపీఎల్ వేలంలో పర్సు అయిపోతే నిజంగానే అయిపోయినట్టు, ఎంత కోటీశ్వరుడైనా పైన రూపాయి పెట్టడానికి లేదు. మీరు అలా కాదు కదా. మీరు మూసిన తలుపు కాదు, టోల్‌గేట్, డబ్బున్నవాడు కట్టి పోవచ్చు. డాడ్జర్స్ అదే చేశారు. 2024లో మీకు వంద మిలియన్ల పైచిలుకు సమర్పించుకున్నారు, కప్పు పట్టుకెళ్లారు, 2025లోనూ పట్టుకెళ్లారు. రెండుసార్లూ మూకీ ఉన్నాడు.

మూకీని పంపడానికి సరిగ్గా వందేళ్ల ముందు, 1920 జనవరిలో, ఇదే టీమ్ తన స్టార్ బేబ్ రూత్‌ని లక్ష డాలర్లకి యాంకీస్‌కి అమ్మినట్టు ప్రకటించింది. ఆ ఓనర్‌ని ఇప్పటికీ ఇక్కడ తిట్టుకుంటారు. కానీ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి, అమ్మానని ఒప్పుకున్నాడు. ఆయన కాలంలో చాటుకి మీరు లేరు మరి.

ఇంకో మాట, మూకీని ఎవరైనా అడిగారా అంటే, అడగక్కర్లేదట. పదేళ్లు మేజర్ లీగ్‌లో ఉండి, అందులో చివరి ఐదేళ్లు ఒకే టీమ్‌లో ఉన్నవాడికే సొంతంగా ట్రేడ్, అంటే వేరే టీమ్‌కి మార్చడం, వద్దనే హక్కు. మూకీకి అక్కడ ఆరేళ్లు కూడా నిండలేదు. మమ్మల్ని అడిగే రూలు ఎలాగూ లేదు, మేం టికెట్టు కొనేవాళ్లం.

మూకీ నంబర్ 50 ఉన్న నా జెర్సీ గురించి అడుగుతారేమో, దాన్ని పారెయ్యలేదు. రెడ్‌సాక్స్ హోమ్ జెర్సీ వెనక పేరు ఉండదు, ఒక్క నంబరే. ఇంత ముందుచూపున్న టీమ్‌ని ఎక్కడా చూళ్లేదు. తర్వాత ఆ నంబర్ ఒక పిచ్చర్‌కి ఇచ్చారు, మా ఆవిడ మాత్రం కొత్తది కొనే ఖర్చు తప్పిందని సంతోషించింది.

చివరిగా మీ చెవిన ఒకటి వేస్తాను. లీగ్‌కీ ఆటగాళ్ల యూనియన్‌కీ ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఓనర్లలో చాలామంది ఈసారి మీ బదులు అసలు సిసలు శాలరీ క్యాప్, అంటే ఐపీఎల్ పర్సులా దాటలేని గీత, కావాలంటున్నారు. అదే జరిగితే మీ ఉద్యోగం ఊడినట్టే. ఇన్నేళ్లు వాళ్ల నిందలన్నీ మీ నెత్తిన మోశారు, కనీసం గ్రాట్యుటీ అయినా గట్టిగా అడగండి. 50 శాతానికి తగ్గొద్దు.

ఇట్లు,
ఫెన్‌వే బ్లీచర్స్ నుంచి ఒక బాధితుడు