మా హాల్లో మూలన వెలసిన కూలర్ గారికి

మహారాజశ్రీ ఎయిర్ కూలర్ గారి దివ్యసముఖమునకు,

తమరికి రోజూ బిందెలతో నీళ్లు మోసే మనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా ఉడుకుతున్నాం. తమరు మాత్రం మూడు వైపులా తడిగడ్డి కప్పుకుని కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్న జరిగింది తమరికి తెలియనిది కాదు. పంపు ఆగిపోయింది. పొద్దున్నే మెకానిక్‌కి ఫోన్ చేశాను. "ఏడు రోడ్ల కాడున్నానమ్మా, బేగొచ్చేత్తాను" అన్నాడు. భోజనాలయ్యాక చేస్తే డే అండ్ నైట్ జంక్షన్‌లో ఉన్నాడట. మన శ్రీకాకుళం ఎంత ఊరని! ఆ రెండింటి మధ్య పూటంతా తిరగాలంటే ప్రత్యేకమైన ప్రతిభ ఉండాలి. వస్తాడు, తలుపు కొడతాడు అని పిల్లల్ని పడుకోబెట్టలేదు, నేనూ నడుం వాల్చలేదు. పడుకోని పిల్లలు వేసవి మధ్యాహ్నం ఏం చేస్తారో రాయక్కర్లేదు. సోఫా మీద మామిడిరసం మరక ఇంకా అలాగే ఉంది.

చివరికి సాయంత్రం గాలి తిరిగాక, ఇక తమరితో పని లేని వేళకి వచ్చాడు. పంపులోంచి ఇంత గడ్డిపీచు, దాంతోపాటు మా చిన్నది దాచుకున్న నీలం క్రేయాన్ ముక్క బయటికి లాగాడు. స్విచ్ వేశాడు. గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. చాలా మామూలుగా అన్నాడు: "మన ఊరికి ఇవి పని సెయ్యవమ్మా. ఉక్కపోత ఊరు కదా."

"ఆ మాట అమ్మేటప్పుడు చెప్పలేదేం?" అన్నాను.

"అమ్మింది నాను కాదు కదమ్మా" అని, వచ్చినందుకు చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. డబ్బులిచ్చి మరీ ఆ మాట విన్నాను కాబట్టి ఈ ఉత్తరం.

తమరిని ఇంటికి తెచ్చిన రోజు గుర్తుందా? జీటీ రోడ్డులో షాపు. "ఏసీ ఎందుకండీ, బిల్లు వాచిపోద్ది. దీన్లో నాలుగు ఐసుముక్కలు వేశారంటే మీ హాలు అరకులోయే" అన్నాడు ఆ కుర్రాడు. తమరి ముందు నిలబెట్టాడు. నిజంగానే చల్లగా తగిలింది. ఎందుకు తగలదు, షాపులో ఏసీ ఉంది! మావారు వెంటనే పర్సు తీశారు. పిల్లలు ఆటోలో తమరిని చెరో పక్క పట్టుకుని, దారిలో కనిపించిన వాళ్లందరికీ చెయ్యి ఊపుకుంటూ ఊరేగింపుగా తెచ్చారు. మా పెళ్లికి కూడా అంత ఊరేగింపు జరగలేదు.

తమరి విద్య గొప్పదే, కాదనను. నీళ్లు ఆవిరవ్వాలంటే వేడి కావాలి. ఆ వేడిని ఎదురుగా ఉన్న గాలిలోంచి లాక్కుంటాయి కాబట్టి గాలి చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ లెక్కనే. ఏ రాజస్థాన్‌లోనో, రామగుండంలోనో గాలి దాహంతో ఉంటుంది. తమరు పోసినదల్లా తాగి చల్లబడుతుంది. ఇక్కడి గాలి పొద్దున్నే సముద్రం దగ్గర పీకలదాకా తాగి వచ్చింది మహానుభావా! 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా ఇది. రాష్ట్రంలో ఇంత పొడవు తీరం ఏ జిల్లాకీ లేదని బడిలో పిల్లల చేత బట్టీ వేయిస్తారు. గాలిలో ఇక చుక్క పట్టే జాగా లేనప్పుడు తమరి గడ్డి మీద నీళ్లు ఆవిరయ్యేదెక్కడికి? కాస్తో కూస్తో అయినా, తలుపులన్నీ బిగించుకున్న హాల్లో మేం తప్ప ఆ తేమకి వేరే దిక్కెక్కడ?

అవును, తలుపులు. ఏసీలాగే అన్నీ వేసేసుకోండి, చల్లదనం బయటికి పోకూడదు అని చెప్పాడు ఆ కుర్రాడు. తమరి అట్టపెట్టె అడుగున దొరికిన పుస్తకంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, కిటికీ తీసి ఉంచమని. తీశాం. బయట ఉక్క లోపలికి వచ్చింది, లోపలి ఉక్క ఎక్కడికీ పోలేదు.

ఒక్కసారి మా ఇల్లు చూడండి. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారింది. న్యూస్‌పేపరు తిరగేస్తే చప్పుడు రావడం లేదు. గుమ్మం చెక్క ఉబ్బి బాత్రూమ్ తలుపు పడటం లేదు. పిల్లల ముందు ఆ తలుపుతో కుస్తీ పట్టడం ఎంత పరువు తక్కువో తమరికేం తెలుసు! మా అత్తగారు నిప్పులు చెరిగే ఎండలో మేడ మీద కాపలా కూర్చుని మరీ ఎండబెట్టిన గుమ్మడి వడియాలు డబ్బాలోనే మెత్తబడ్డాయి. అప్పటినుంచి ఆవిడ తమరిని పేరు పెట్టి పిలవడం లేదు. "ఆ మిషను" అంటారు. "ఆ మిషను ఆపీయే, ఒల్లంతా జిడ్డోడిపోతంది" అంటారు. తాటాకు విసనకర్ర పట్టుకుని వీధి అరుగు మీదకి వెళ్లిపోతారు. తిత్లీ తుపానుకి కరెంటు పోయినప్పుడు ఉద్దానంలో వాళ్ల చెల్లెలింట్లో పనికొచ్చింది అదేనట. ఆ మాట ఇప్పటికి చాలాసార్లు విన్నాం, ఇంకా వింటాం.

తమరి రిమోట్ గురించి రాయను. చక్రాల గురించి కూడా రాయను, మూడో దాన్ని మా వాడు బొమ్మ లారీకి వాడుతున్నాడు. టర్బో అని ఒక బటన్ ఉంది. అది నొక్కితే చప్పుడు పెరుగుతుంది.

స్వింగ్ గురించి మాత్రం రాయాలి. ఆ రెక్కలు కుడికి తిరిగితే చిన్నది ఏడుస్తుంది, ఎడమకి తిరిగితే పెద్దాడు ఏడుస్తాడు. చల్లగా లేని గాలి కోసం ఇద్దరు అన్నాచెల్లెళ్లు జుట్లు పట్టుకోవడం నేను ఈ ఇంట్లోనే చూశాను. "అమ్మా, దానికి పది అంకెలు ఎక్కువ తగిలింది!" వాడు లెక్కపెడుతున్నాడు. ఎక్కాలు చదవమంటే నోరు పెగలని వాడు. చివరికి చిన్నది రెక్కల్ని తన వైపే పట్టుకుని ఉంచింది. లోపల ఏదో టక్కుమంది. ఇప్పుడు గాలి ఎవరికీ రాదు, బీరువాకి తగులుతోంది.

ఇంతవరకూ గౌరవంగానే రాశాను. పోయిన శుక్రవారం సంగతి రాయబోతున్నాను కాబట్టి ఇక మర్యాద కుదరదు.

డ్రైడే అని ఆశా కార్యకర్త వచ్చింది. పూలకుండీలు చూసింది, ఫ్రిజ్ వెనక ట్రే చూసింది, నీ తొట్టిలోకి టార్చి వేసింది. "రండమ్మా, సూడండి" అంది. నీళ్లలో సన్నటి తోకలు గిలగిలా కొట్టుకుంటున్నాయి. దోమపిల్లలు. డెంగ్యూ దోమకి ఇలాంటి మంచినీళ్లే ఇష్టమట, వారం పది రోజులు కదపకపోతే చాలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయట. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, వెనకనుంచి చిన్నది గొల్లుమంది. "నా చేపపిల్లలు పారబోయొద్దూ!"

రోజూ మధ్యాహ్నం నేను కునుకు తీసే టైంలో అది నీ మూత ఎత్తి వాటికి మరమరాలు వేస్తోందట. నాలుగింటికి పేర్లు కూడా పెట్టింది. ఒకదాని పేరు మా ఆడపడుచు పేరు. ఆశా కార్యకర్త ముందు నేను ఏ ముఖం పెట్టుకోవాలి?

చల్లదనం ఇస్తావని తెచ్చాను. నా ఇంట్లో, నేను మోసిన నీళ్లతో, నేను కట్టే కరెంటు బిల్లుతో దోమల్ని పెంచుతున్నావు! పిల్లల మెడలు చూడు. చెమటకాయలు. పౌడరు వేస్తే నీ తేమకి ముద్దకట్టి మడతల్లో పేరుకుంటోంది. రాత్రి ఇద్దరూ గోక్కుంటారు, నేను ఊదుతాను. 55 లీటర్ల తొట్టి నీది. ఎన్ని బిందెలు పోస్తే నిండుతుందో నా నడుముకి తెలుసు. మున్సిపాలిటీ కుళాయి ఏ వేళకి వస్తుందో ఆ దేవుడికే తెలుసు. ఆ నీళ్లు నేరుగా పిల్లల నెత్తిన పోసినా ఈపాటికి చల్లబడేవాళ్లు. నిన్ను అమ్మినవాడు ఇదే ఊళ్లో, ఇదే గాలి పీలుస్తూ బతుకుతున్నాడు. వాడికి తెలియదా? తెలుసు. అందుకే షాపులో ఏసీ పెట్టుకున్నాడు.

అసలే ఇది సూర్యనారాయణమూర్తి సొంత ఊరు. అరసవల్లి గుళ్లో ఆయన కిరణాలు మార్చిలోనూ, అక్టోబరులోనూ స్వామి పాదాలకి తగులుతాయని జనం తెల్లారకుండానే వరస కడతారు. మే నెలకి వరస అక్కర్లేదు, నెల మధ్యకి మిట్టమధ్యాహ్నం సరిగ్గా అందరి నడినెత్తి మీదే ఉంటాడు. మీదట రోహిణి కార్తె ఉంది. బడి తెరిచేది జూన్ 12న. అంతదాకా ఇద్దరు పిల్లల్ని నాలుగు గోడల మధ్య ఆపాలి. నువ్వు సాయం చేయకపోతే పోనీ, తేమ కలపకుండా ఊరుకోలేవా?

ఒక్కటి ఒప్పుకుంటాను. నీ రెక్కల ముందు నోరు పెట్టి "ఆ" అని సాగదీస్తే గొంతు ముక్కలుముక్కలుగా, రోబోలా వస్తుంది. దాని కోసం వాళ్లిద్దరూ కొట్టుకోవడం కూడా మానేసి పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు నేను కూడా అన్నాను. బాగానే ఉంది. ఆ పని టేబుల్ ఫ్యాన్ కూడా చేస్తుంది కాబట్టి దాన్ని నీ ఖాతాలో వేసుకోకు.

ఇంట్లో నిర్ణయం అయిపోయింది. పాత సామాన్లవాడు నీకు చెప్పిన ధర రాస్తే నీకే సిగ్గు, రాయను. మావారు "వచ్చే ఏడాదికి ఉంచుదాం" అన్నారు. ఆయన ఏ వస్తువు గురించైనా అదే అంటారు. దారి చూపించింది మా అత్తగారే. పార్వతీపురం నుంచి మా తమ్ముడు రెండు బుట్టల సువర్ణరేఖ కాయలు పంపాడు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పొద్దున్న ఆవిడ నీ మూత ఎత్తి లోపలికి తొంగి చూశారు. తొట్టి తుడిపించారు, గడ్డి విప్పించి మేడ మీద ఎండబెట్టించారు. "మూతుంది, గడ్డుంది, ఎలకలు దూరవు. ఇంతకన్నా ఏటి కావాలే?" అన్నారు.

కాయలు లోపల పేర్చేశాం. ప్లగ్గు పీకేశాం. నీ మీద రాసి ఉన్న పన్నెండు నెలల వారంటీ దీనికి కూడా వర్తిస్తే, పండ్లు మగ్గకపోయినా ఫోన్ చేస్తాను. ఆయన ఏడు రోడ్ల కాడే ఉంటాడు కదా.

ఇట్లు,
నీ బిందెల మనిషి,
శ్రీకాకుళం